చన్నీటి సర్ఫింగ్‌కు పురుషుల వెట్‌సూట్: మిల్లీమీటర్ల అంకె చెప్పేదెంత, చెప్పనిదెంత

చల్లటి నీటిలో సర్ఫింగ్, అంటే బోర్డు మీద అలలపై సాగే ఆట, ఆడేవారు ఒంటికి బిగుతుగా వేసుకునే రబ్బరు దుస్తు వెట్‌సూట్. దాన్ని కొనదలచినవారికి మొదట కనిపించేవి రబ్బరు మందాన్ని మిల్లీమీటర్లలో చెబుతూ దాని మీద ముద్రించిన అంకెలు: 3/2, 4/3, 5/4, 6/5/4. ఆ వెంటనే పుట్టే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: నీరు 10 డిగ్రీలుంటే ఎన్ని మిల్లీమీటర్ల సూటు కావాలి? ప్రశ్న సబబైనదే. కానీ దానికి ఒక్క అంకెతో జవాబు చెప్పబోవడంతోనే గందరగోళం మొదలవుతోంది. ఒకే నీటిలో, ఒకే మందం గల సూట్లు వేసుకున్న ఇద్దరిలో ఒకరు రెండు గంటలపాటు హాయిగా అలలెక్కుతుంటే, మరొకరు నలభై నిమిషాలకే పళ్ళు టకటకలాడుతూ ఒడ్డుకు చేరడం చన్నీటి తీరాల్లో మామూలే. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలంటే, అసలు వెట్‌సూట్ మనిషిని ఎలా వెచ్చగా ఉంచుతుందన్న దగ్గర మొదలుపెట్టాలి.

## వెచ్చదనం నీటిపొరది కాదు, బుడగలది

నీటి ఉష్ణవాహకత, అంటే వేడిని దాటించే గుణం, గాలి కంటే దాదాపు 25 రెట్లు ఎక్కువ. అందుకే 12 డిగ్రీల గాలిలో స్వెటర్‌తో నడిచిపోగలిగిన మనిషికి 12 డిగ్రీల నీటిలో పడగానే ఊపిరాడనట్లవుతుంది. చన్నీటి ప్రమాదాలపై ఏళ్ళ తరబడి పరిశోధించిన కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అనే సూత్రంగా చెబుతారు. మామూలు దుస్తులతో బాగా చల్లటి నీటిలో పడినవారికి ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం పడుతుంది. చేతులూ కాళ్ళూ మాట వినేది 10 నిమిషాలు. శరీరం లోపలి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. వెట్‌సూట్ మొదటి దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది, తక్కిన రెండు గడువులనూ పొడిగిస్తుంది. సర్ఫింగ్ చేసేవారికి వీటిలో మధ్య గడువే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే చేతులు మొద్దుబారిన మనిషి బోర్డును ఒడ్డుకు నడపలేడు.

సూటులోకి చేరిన పల్చటి నీటిపొరను శరీరం వేడి చేస్తుందనీ, ఆ వేడినీళ్ళే మనిషిని కాపాడతాయనీ తరచుగా వినిపించే వివరణ సగమే నిజం. నీటిపొర వేడెక్కే మాట వాస్తవమే కానీ, ఆ వేడి కూడా శరీరం ఇచ్చుకున్నదే. అసలు అడ్డుగోడ నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు నురుగు. అందులోని సన్నని బుడగల్లో చిక్కుకున్న వాయువే వేడిని బయటికి పోనివ్వదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్తగా ఉన్న హ్యూ బ్రాడ్నర్ 1951 ప్రాంతంలో పట్టుకున్న కీలకం ఇదే. నీటిలో దిగే మనిషి తడవకుండా ఉండనక్కరలేదనీ, వాయువు బుడగలు సూటు పదార్థంలోనే ఉంటే చాలుననీ ఆయన గ్రహించారు. ఆయన ఆలోచన నౌకాదళపు ఈతగాళ్ళ కోసం. దాదాపు అదే కాలంలో, 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సర్ఫింగ్ దుకాణం తెరిచిన జాక్ ఓనీల్, దక్షిణ కాలిఫోర్నియాలో మైస్ట్రెల్ కవల సోదరులు వెట్‌సూట్‌ను అలల మీదికి తెచ్చారు. ఎవరు ముందన్న వాదన చాలాకాలం నడిచింది గానీ, తొలి ఆలోచన బ్రాడ్నర్‌దేనని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు.

నీటిపొర కాపాడుతుందనుకునేవారికి సూటులో నీళ్ళుండటం మంచిదే అనిపిస్తుంది. బుడగలు కాపాడతాయని తెలిసినవారికి మాత్రం లోపలికి వచ్చే ప్రతి చుక్కా నష్టమేనని అర్థమవుతుంది. ఎంపికలోని తక్కిన విషయాలన్నీ ఈ తేడా నుంచే పుడతాయి.

## అంకెలు చెప్పేది

4/3 అంటే ఛాతీ, వీపు, పొట్ట దగ్గర 4 మిల్లీమీటర్లు, చేతులూ కాళ్ళూ కప్పే భాగాల్లో 3 మిల్లీమీటర్లు. మూడు అంకెలుంటే మొదటిది మొండేనికి, రెండోది కాళ్ళకు, మూడోది చేతులకు వర్తిస్తుంది. శరీరం లోపలి అవయవాల వేడి కాపాడవలసినది కాబట్టి మొండెం దగ్గర మందం ఎక్కువ. పాడ్లింగ్‌లో, అంటే బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీటిని తోసుకుంటూ పోవడంలో, భుజాలు వందలసార్లు తిరగాలి కాబట్టి చేతుల దగ్గర తక్కువ.

సాధారణంగా నీరు 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటే 3/2, 12 నుంచి 15 మధ్య 4/3, 8 నుంచి 12 మధ్య 5/4, అంతకంటే చల్లగా ఉంటే 6/5/4 అని చెబుతారు. ఈ హద్దులు ఒక్కో తయారీదారు పట్టికలో ఒక్కోలా ఉంటాయి. రెండు మూడు డిగ్రీల తేడా ఉండటంలో వింత లేదు. కొందరు 4.5/3.5 వంటి సగం అంకెలు కూడా వాడతారు. పైగా అంకె చెప్పేది పరిచి ఉంచిన రబ్బరు మందాన్ని. సాగదీసిన రబ్బరు పల్చబడుతుంది కనుక, ఒంటికి మరీ బిగుతుగా ఉన్న 4 మిల్లీమీటర్ల సూటు వేసుకున్న తరువాత పూర్తి 4 మిల్లీమీటర్లుగా మిగలదు.

## ఒక లీటరు చన్నీళ్ళ లెక్క

నియోప్రీన్ నురుగు ఉష్ణవాహకతను ఒక మీటరుకు, ఒక డిగ్రీకి 0.05 వాట్లుగా తీసుకుందాం. సూటు కప్పే చర్మం 1.5 చదరపు మీటర్లు, చర్మం ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, నీరు 10 డిగ్రీలు అనుకుందాం. తేడా 18 డిగ్రీలు. వాహకతను, వైశాల్యాన్ని, ఉష్ణోగ్రత తేడాను గుణించి మందంతో భాగిస్తే సెకనుకు ఎంత వేడి పోతోందో తెలుస్తుంది. సూటంతా 3 మిల్లీమీటర్లయితే 450 వాట్లు, 4 అయితే సుమారు 340, 5 అయితే 270, 6 అయితే 225. ఊరకే కూర్చున్న మనిషి శరీరం పుట్టించే వేడి 100 వాట్ల సమీపంలో ఉంటుంది. గట్టిగా పాడ్లింగ్ చేసేటప్పుడు అది కొన్ని రెట్లు పెరుగుతుంది. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. 3 నుంచి 4కు వెళ్తే మిగిలేది 110 వాట్లు, 4 నుంచి 5కు 70 వాట్ల లోపు, 5 నుంచి 6కు 45 వాట్లు మాత్రమే. మందం పెరిగేకొద్దీ ప్రతి అదనపు మిల్లీమీటరూ ఇచ్చే ఫలితం తగ్గిపోతుంది, బిరుసుదనం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు విరుగుతున్న అల కిందుగా బోర్డుతో సహా దూరి అవతల తేలే డక్ డైవ్‌ను తలచుకుందాం. ఆ తోపుడుకు మెడ దగ్గరి నుంచో, వీపు మీది జిప్పు నుంచో ఒక లీటరు నీరు లోపలికి జొరబడి, అంతకుముందు వేడెక్కి ఉన్న నీటిని బయటికి నెట్టేసిందనుకుందాం. సర్ఫింగ్ భాషలో దీన్ని ఫ్లష్ అంటారు. లీటరు నీటిని 10 నుంచి 28 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 75 కిలోజౌళ్ళు కావాలి. 4 మిల్లీమీటర్ల సూటు వదిలి 5 మిల్లీమీటర్లది వేసుకున్నందుకు మిగిలే వేడి 67 వాట్లే, అంటే సెకనుకు 67 జౌళ్ళే కాబట్టి, అన్ని కిలోజౌళ్ళు కూడబెట్టడానికి దాదాపు 19 నిమిషాలు పడుతుంది. అంటే ప్రతి 19 నిమిషాలకు ఒక్క లీటరు ఫ్లష్ అయినా చాలు, అదనపు మిల్లీమీటరు వల్ల కలిగిన లాభమంతా నీళ్ళపాలవుతుంది. అలలు వరుసగా విరిగే రోజున డక్ డైవ్‌లు నిమిషానికి రెండు మూడు కూడా పడతాయి.

ఈ లెక్కలో సరళీకరణలున్నాయి. చర్మం ఉష్ణోగ్రత అంతటా ఒకేలా ఉండదు, చల్లబడేకొద్దీ తగ్గుతుంది కూడా. సర్ఫింగ్ చేసే మనిషి ఎప్పుడూ పూర్తిగా మునిగి ఉండడు. లోపలికి వచ్చిన నీరంతా 28 డిగ్రీల దాకా వేడెక్కకపోవచ్చు. అయినా ఏది ఎంత పెద్దదన్న పోలిక మాత్రం మారదు. మందం గురించి జరిగే చర్చలో పదోవంతు కూడా మెడ పట్టీ గురించి జరగకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

## కుట్లు, జిప్పులు: నీరు దూరే దారులు

వెట్‌సూట్ ఒక్క ముక్క కాదు. ఎన్నో ముక్కలు కలిపి కుట్టినది. ఆ కుట్టు రకాన్ని బట్టి సూటు ఏ నీటికి పనికివస్తుందో చాలావరకు చెప్పవచ్చు. ఫ్లాట్‌లాక్ కుట్టులో సూది రబ్బరును ఇటు నుంచి అటు పూర్తిగా పొడుచుకుపోతుంది, కనుక ప్రతి కుట్టూ ఒక చిన్న రంధ్రమే. ఇది ఒంటికి ఒరుసుకోదు, గట్టిగా ఉంటుంది, కానీ వెచ్చటి నీటికే తగినది. చన్నీటి సూట్లలో ముక్కల అంచులను ముందు జిగురుతో అతికి, తరువాత సూది రబ్బరు మందంలో సగం దాకా దిగి అదే వైపు పైకి తేలేలా కుడతారు. దీనికి బ్లైండ్‌స్టిచ్ అని పేరు. దాని మీద లోపలి వైపున టేపు అతికించడమో, ద్రవ రబ్బరు పూయడమో చేస్తే అతుకు ఇంకా పటిష్ఠమవుతుంది.

పేర్లు గుర్తులేకపోయినా సూటును లోపలి వైపుకు తిప్పితే సంగతి కనబడుతుంది. ఫ్లాట్‌లాక్ అతుకు రెండు వైపులా వెడల్పాటి నిచ్చెనలా, దారాలు అడ్డంగా పరుచుకుని ఉంటుంది. బ్లైండ్‌స్టిచ్ అయితే దారం ఒక వైపే కనిపిస్తుంది, రెండో వైపు సన్నని జిగురు గీత తప్ప ఏమీ ఉండదు. ద్రవ రబ్బరు పూసిన అతుకు మీద వేలు ఆనిస్తే నున్నగా, కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. వాడిన సూటు విషయంలో ఇంకో సాక్ష్యం కూడా దొరుకుతుంది: చేతి భాగాన్ని మణికట్టు దగ్గర మడిచి పట్టుకుని లోపల నీళ్ళు పోస్తే, కారే అతుకు దగ్గర ముందు చిన్న చెమ్మ మచ్చ, తరువాత చుక్క కనిపిస్తుంది.

జిప్పు విషయంలో మూడు మార్గాలున్నాయి. వీపు మీద నిలువు జిప్పు ఉన్న సూటులోకి దూరడం తేలిక. కానీ ఆ పొడవాటి జిప్పు వెన్నెముక పొడవునా సాగని గీతగా నిలుస్తుంది, పైగా అల వచ్చి పడేది సరిగ్గా అక్కడే. ఛాతీ మీద అడ్డంగా పొట్టి జిప్పు ఉన్న సూటులో మెడ మీది నుంచి దూరాలి. అలవాటయ్యేదాకా కష్టమే గాని, వీపు అంతా ఒకే రబ్బరు ముక్కగా ఉండటంతో ఫ్లష్ బాగా తగ్గుతుంది. అసలు జిప్పే లేనివి అన్నిటికంటే సులువుగా సాగుతాయి, కానీ మెడ దగ్గరి రబ్బరు ప్రతిసారీ సాగడం వల్ల ఆ చోటు ముందుగా వదులయ్యే అవకాశముంది. భుజం గాయం ఉన్నవారు, తడి సూటును ఒంటరిగా విప్పుకోవలసినవారు చన్నీటిలో కూడా వీపు జిప్పే కావాలంటారు. వారి వాదనలో న్యాయముంది: విప్పలేక గాలిలో వణుకుతూ గడిపే పది నిమిషాలూ వేడి నష్టమే.

## పురుషుల కొలతలు: బరువు, ఎత్తు, ఛాతీ

పురుషుల సూటును భుజాలు, ఛాతీ వెడల్పుగా, తుంటి సన్నగా ఉండేలా కత్తిరిస్తారు. స్త్రీల సూటు కత్తిరింపు వేరు. మధ్యస్థం, పెద్దది అన్న మామూలు సైజులు చాలక, పొడవాటి సన్నని వారి కోసం ఎంటీ, ఎత్తు తక్కువగా దిట్టంగా ఉన్నవారి కోసం ఎల్ఎస్ వంటి మధ్య సైజులు పుట్టాయి. మొదటిది మధ్యస్థపు చుట్టుకొలతతో పొడవు పెంచినది, రెండోది పెద్ద సైజు చుట్టుకొలతతో పొడవు తగ్గించినది. 185 సెంటీమీటర్ల ఎత్తు, 72 కిలోల బరువున్న మనిషి ఎత్తును చూసి పెద్ద సైజు తీసుకుంటే నడుము చుట్టూ రబ్బరు తేలిపోతుంది. అతనికి నప్పేది ఎంటీ. 175 సెంటీమీటర్లు, 82 కిలోల మనిషి ఎత్తును చూసి మధ్యస్థం తీసుకుంటే ఛాతీ బిగిసి ఊపిరి తీసుకోవడమే కష్టమవుతుంది. అతనికి ఎల్ఎస్ సరిపోతుంది. ఎత్తుకూ ఛాతీకీ పొత్తు కుదరనప్పుడు ఛాతీ వైపు మొగ్గడమే మేలు. చీలమండ దగ్గర రెండు సెంటీమీటర్లు తక్కువైతే బూట్లు కప్పేస్తాయి. ఛాతీ దగ్గర ఖాళీని కప్పేదేమీ లేదు.

సరిపోయిన సూటులో మోకాళ్ళు మడిచి కిందికి కూర్చుని లేచినా గజ్జల దగ్గర రబ్బరు వేలాడదు, చేతులు పైకెత్తితే చంకల కింద ముడతలు పడవు. పురుషుల్లో ఎక్కువగా తప్పు జరిగే చోటు నడుము వెనుక వంపు. అక్కడ రబ్బరును వేళ్ళతో పట్టి లాగి వదిలితే టప్పున ఒంటికి అతుక్కోవాలి. గుప్పెడు గాలి సంచిలా లేస్తే ప్రతి డక్ డైవ్‌లోనూ ఆ సంచి నీటితో నిండుతుంది. కొత్త సూటు పొడిగా ఉన్నప్పుడు బిగుతుగా అనిపించి నీటిలో కొంత సడలుతుంది కాబట్టి, వేసుకున్న మొదటి నిమిషంలోనే సౌకర్యంగా తోచిన సూటును కాస్త అనుమానించాలి.

బిగుతు మరీ ఎక్కువైనా నష్టమే. భుజాలు తిప్పడానికే బలమంతా ఖర్చయిపోతే పాడ్లింగ్ తగ్గుతుంది, పాడ్లింగ్ తగ్గితే శరీరం పుట్టించే వేడి తగ్గుతుంది; మందమైన సూటులో ఉండి కూడా మనిషి చల్లబడతాడు.

## పైపొర, లోపలి పొర

అల కోసం ఎదురుచూస్తూ బోర్డు మీద కూర్చున్న మనిషి నడుము పైభాగం గాలిలోనే ఉంటుంది. బయట గుడ్డ పొర ఉన్న సూటు నీటిని పట్టుకుంటుంది. గాలి వీస్తే ఆ తడి ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. గుడ్డ లేని నున్నటి రబ్బరు మీద నీరు జారిపోతుంది కనుక గాలిలో అది వెచ్చన, ఎండ తగిలితే మరీ వెచ్చన. కానీ గోరు గుచ్చుకున్నా చిరుగుతుంది. అందుకే చాలా చన్నీటి సూట్లలో ఛాతీ, వీపు దగ్గర నున్నటి రబ్బరు, తక్కిన చోట్ల గుడ్డ ఉంటాయి.

లోపలి వైపు ఛాతీకి, వీపుకు ఉన్ని వంటి నూగు లైనింగ్ వేయడం వల్ల రెండు ఉపయోగాలున్నాయి: నీరు అటూ ఇటూ కదలకుండా నూగు పట్టి ఉంచుతుంది, సూటు త్వరగా ఆరుతుంది. కొన్ని సూట్ల లోపల వేసే లోహపు పొర శరీరం వేడిని తిరిగి శరీరం మీదికే పంపుతుందన్న ప్రచారం మాత్రం వివాదాస్పదం. తయారీదారులు దాన్ని గట్టిగానే చెబుతారు. కానీ నీటిలో వేడి పోయేది ప్రధానంగా నీరు తాకడం వల్ల, నీటి కదలిక వల్ల. వికిరణం, అంటే కిరణాలుగా వెలువడే వేడి, వాటా చాలా తక్కువ. పైగా అద్దంలా వేడిని తిప్పికొట్టాలంటే పొరకూ చర్మానికీ మధ్య ఖాళీ ఉండాలి. ఒంటికి అతుక్కున్న సూటులో ఆ ఖాళీ ఉండదు. ఆ సూట్లు వెచ్చగా ఉన్నాయని చెప్పేవారు అబద్ధం చెబుతున్నారని కాదు. ఆ వెచ్చదనం మంచి కుట్టు, మంచి రబ్బరు వల్ల వచ్చి ఉండవచ్చు.

## తల, చేతులు, పాదాలు

10 డిగ్రీలకు దిగువన సూటు ఒక్కటే చాలదు. సూటుతో కలిసే ఉండే టోపీ మెడ దగ్గరి ఫ్లష్‌ను దాదాపు ఆపేస్తుంది. విడిగా పెట్టుకునే టోపీ అంతగా ఆపలేదు. చెవుల సంగతి వేరే చెప్పుకోవాలి. ఏళ్ళ తరబడి చల్లటి నీరు, గాలి తగిలిన చెవి రంధ్రంలో ఎముక నెమ్మదిగా పెరిగి దారిని మూసేస్తుంది. దీన్ని సర్ఫర్ చెవి అంటారు. ముదిరితే శస్త్రచికిత్సే మార్గం. టోపీ, చెవి బిరడాలు దాన్ని నెమ్మదింపజేస్తాయి. బూట్లు 3, 5, 7 మిల్లీమీటర్లలో వస్తాయి. బొటనవేలు విడిగా ఉన్నవి బోర్డు మీద పట్టునిస్తాయి, వేళ్ళన్నీ కలిసి ఉన్నవి వెచ్చగా ఉంటాయి. గ్లవుజులదీ అదే లెక్క. గెడ్డం గీసుకున్న వెంటనే నీటిలో దిగితే ఉప్పునీరూ మెడ పట్టీ కలిసి చర్మాన్ని ఒరిపేస్తాయన్నది పురుషులకు త్వరలోనే అనుభవంలోకి వచ్చే సంగతి.

## ఒకే ప్రశ్న, మూడు జవాబులు

ఉత్తర కాలిఫోర్నియా తీరంలో 12 డిగ్రీల నీరు, ఎడతెగని అలలు, ఒడ్డు నుంచి దూరంగా పాడ్లింగ్ చేసే అనుభవజ్ఞుడు: అతనికి టోపీ, ఛాతీ జిప్పు, పూత పూసిన అతుకులు ఉన్న 4/3 సరిపోతుంది. 5/4 వేసుకుంటే అతనికి వెచ్చదనం కంటే భుజాల నొప్పే ఎక్కువ మిగలవచ్చు. అదే నీటిలో నడుము లోతున నిలబడి, మాటిమాటికి పడుతూ లేస్తూ నేర్చుకుంటున్న సన్నని యువకుడికి 5/4 అవసరం. అతనికి పాడ్లింగ్ తక్కువ, ఫ్లష్ ఎక్కువ, ఒంటి కొవ్వు తక్కువ. నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో, శీతాకాలంలో నీరు 5 డిగ్రీల సమీపానికి దిగే ఉన్‌స్టాడ్ వంటి చోట మాత్రం తర్జనభర్జనలకు తావు లేదు: టోపీ కలిసిన 6/5/4, 7 మిల్లీమీటర్ల బూట్లు, 5 మిల్లీమీటర్ల గ్లవుజులు. అక్కడ మందం నిజంగానే ముఖ్యం. కానీ ఆ మందం పనిచేసేది కూడా మెడా మణికట్లూ నీటిని ఆపినప్పుడే.

## రబ్బరు ఎక్కడిదన్న వివాదం

కొన్నేళ్ళుగా ఎంపికలో మరో ప్రశ్న చేరింది. నియోప్రీన్‌ను డ్యూపాంట్ సంస్థ శాస్త్రవేత్తలు 1930లో కనుగొన్నారు. దాని ముడిసరుకైన క్లోరోప్రీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశముందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2010లో పేర్కొంది. ప్రమాదం వేసుకునేవారికి కాదు, కర్మాగారం పక్కన నివసించేవారికి. లూసియానా రాష్ట్రంలోని లాప్లేస్‌లో ఉన్న అలాంటి కర్మాగారాన్ని జపాన్‌కు చెందిన డెంకా సంస్థ 2015లో డ్యూపాంట్ నుంచి కొన్నది. 2025 మేలో అక్కడ ఉత్పత్తిని నిరవధికంగా నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది.

ప్రత్యామ్నాయంగా సున్నపురాయి నియోప్రీన్‌ను చూపుతారు. జపాన్‌కు చెందిన యమమోతో సంస్థ దీనికి ప్రసిద్ధి. ముడిచమురు అక్కరలేదన్నది నిజమే. కానీ సున్నపురాయి నుంచి కార్బైడు, దాని నుంచి ఎసిటిలీన్, దాని నుంచి మళ్ళీ అదే క్లోరోప్రీన్ వస్తాయి. కార్బైడు కొలిమికి విద్యుత్తు విపరీతంగా కావాలి. తేలికగా, బాగా సాగేలా ఉంటుందని వాడేవారు మెచ్చుకుంటారు, ఆ మెప్పు న్యాయమైనదే. పర్యావరణానికి మేలన్న మాటకు మాత్రం అంత బలం లేదు. చెట్టు పాల నుంచి తీసిన సహజ రబ్బరు మరో దారి. దుస్తుల సంస్థ పటగోనియా 2016లో నియోప్రీన్ వదిలేసి, యూలెక్స్ పేరుతో వచ్చే సహజ రబ్బరు 85 శాతం ఉన్న సూట్లకు మారింది. మొదట్లో అవి బిరుసుగా ఉన్నాయన్న ఫిర్యాదులుండేవి; తరువాత వచ్చినవి మెరుగుపడ్డాయి. సాగుదల విషయంలో అత్యుత్తమ నియోప్రీన్‌తో సమానమా కాదా అన్నదానిపై వాడేవారిలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

## వయసు మళ్ళిన సూటు

ఏ రబ్బరైనా ఎండకు, ఉప్పుకు, వందలసార్లు సాగడానికి లొంగిపోతుంది. బుడగలు అణగిపోతాయి, రబ్బరు బిరుసెక్కుతుంది, అతుకుల పూత పగుళ్ళిస్తుంది. మంచినీటితో కడిగి, నీడలో, హ్యాంగర్ మీద నడుము దగ్గర మడతవేసి ఆరబెట్టిన సూటు ఎక్కువ కాలం నిలుస్తుంది. భుజాల మీద వేలాడదీస్తే తడి బరువుకు సరిగ్గా సాగకూడని చోటే సాగిపోతుంది. ఒకప్పుడు 8 డిగ్రీల నీటిలో రెండు గంటలు కాపాడిన 5/4 మూడు నాలుగు శీతాకాలాల తరువాత అదే నీటిలో గంటకే వణికించడం మొదలుపెడుతుంది. దాని మీది అంకె మారదు. అనుభవజ్ఞులు అలాంటి సూటును పారేయరు. శీతాకాలానికి కొత్తది తెచ్చుకుని, పాతదాన్ని నీరు 13, 14 డిగ్రీలకు చేరే వసంతకాలానికి అట్టేపెడతారు.